సామర్లకోట వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్

శేషాచలపు చరియలలోను, వెలిగొండలలోను తంబ అను వృక్షము కలదు. తూర్పు కనుమల దక్షిణ భాగమున తప్ప లోకములో మరెక్కడను అది సహజముగా పెరుగదు. దాని జిగురు గుగ్గిలమువలె ధూపమునకు పనికివచ్చును. అంతరించిపోవు ప్రమాదమున్న జాతులలో దానిని నేడు లెక్కించుచున్నారు. వృక్షశాస్త్రజ్ఞులు ఆ చెట్టుకు పెట్టిన పేరు షోరియా తంబుగ్గాయియా. ఇందు మొదటి మాట 1793 నుండి 1798 వరకు కంపెనీ గవర్నరు జనరలుగా ఉన్న సర్ జాన్ షోర్ పేరునుండి వచ్చినది. రెండవ మాట తెలుగువారి నోటినుండి వచ్చినది. ఏలినవాని పేరును, ఏలుబడిలోని జనుల మాటను ఇట్లు ఒక్కచోట కూర్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆ కొండలలోనే పెరుగు జాలారి చెట్టుకు తరువాతివారు షోరియా రాక్స్‌బర్గీ అని ఆయన పేరే పెట్టినారు.

ఆయన జీవితమంతయు ఈ చెట్టు పేరువంటిదే. ప్రకృతిని కొలిచి చూచుట ఒక పని. చూచినదానిని దొరతనమువారికి తెలియజెప్పుట రెండవ పని. దానిని లోకమునకు అచ్చువేసి అందించుట మూడవ పని. ఈ మూడింటిని ఒక్క మనిషి తలకెత్తుకొనుట నేటికిని అరుదు. రెండు వందల ఏండ్లకు పూర్వము తెలుగుదేశమున, ఘోరమైన కరవు నడుమ, ఆయన దీనికి పూనుకొన్నాడు. ఎంతవరకు నెగ్గినాడు, ఎచ్చట ఆగిపోయినాడు అను విషయము విద్యార్థులు తెలిసికొనదగినది.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండు దేశమున ఎయిర్‌షైర్ మండలములోని క్రెయిగీ గ్రామ ప్రాంతమున జన్మించినాడు. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదివినాడు. ఆ కాలమున వైద్యునికి మూలికల జ్ఞానము తప్పనిసరి గనుక వృక్షశాస్త్రము వైద్యవిద్యలో భాగముగా ఉండెడిది. ఎడింబరో వృక్షోద్యానమునకు అధిపతియైన జాన్ హోప్ ఆయనకు గురువు. చెట్టును పుస్తకములో చదువుటకంటె నేలపై నిలిచి చూచుట మేలని నేర్పిన గురువాయన. చదువు ముగియకముందే రాక్స్‌బర్గ్ కంపెనీ నౌకలలో వైద్యసహాయకుడుగా సముద్రయానములు చేసినాడు. 1776లో చెన్నపట్టణపు వైద్యశాఖలో చేరినాడు.

చెన్నపట్టణమునకు వచ్చిన నాటినుండియే ఆయనకొక అలవాటు ఏర్పడినది. భారమితిని, ఉష్ణమాపకమును దగ్గర ఉంచుకొని, దినమునకు పెక్కుమార్లు గాలి బరువును, వేడిమిని, వానను, గాలి వీచు దిక్కును వ్రాసికొనుచుండెడివాడు. ఇది ఎవరో ఆజ్ఞాపించిన పని కాదు. ఆ దినచర్య లండనులోని రాయల్ సొసైటీవారి పత్రికలో 1778లోను, 1780లోను ప్రకటింపబడినది. ఒక్కనాటి లెక్క చూచిన దానివలన తెలియునది స్వల్పము. ఏండ్ల తరబడి ఒకే తీరున వ్రాసిన లెక్కలు ప్రక్కప్రక్కన పెట్టినపుడే ఏ యేడు మామూలు యేడో, ఏ యేడు గతి తప్పినదో తెలియును. ఈ ఓర్పు తరువాతి కాలమున మిక్కిలి అక్కరకు వచ్చినది.

1781లో ఆయనను సామర్లకోట దండుకు వైద్యునిగా పంపినారు. గోదావరి డెల్టాకు ఉత్తరపు అంచున ఉన్న ఆ ఊరిలో ఆయన పండ్రెండేండ్లు నివసించినాడు. అచ్చట ఒక తోట వేసినాడు. కొండలలో అడవి తీగగా పెరుగుచున్న మిరియమును గమనించి తెచ్చి నాటించినాడు. కాఫీ, దాల్చిన, నీలి, పట్టుపురుగుల మేతకై మల్బరీ, దూరదేశపు సీమపనస మొదలైనవాటిని పెంచి చూచినాడు. రాజమహేంద్రవరపు సర్కారులో రైతులు చెఱకు నాటి, గానుగ ఆడి, బెల్లము వండు విధమును వివరముగా వ్రాసి ప్రకటించినాడు. అడవులలో లక్కపురుగు బ్రతుకు తీరును గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1791లో రాయల్ సొసైటీ పత్రికలో వెలువడినది. అంకుడు చెట్టు ఆకులనుండి నీలిరంగు తీయవచ్చునని కనుగొన్నాడు. ఏటికొప్పాక బొమ్మలు చేయుటకు వాడు కఱ్ఱ ఆ చెట్టుదే. ఆ బొమ్మలపై మెరుగు పెట్టుటకు వాడునది లక్కయే. సోమిద చెట్టు బెరడు చలిజ్వరమునకు పనిచేయుననియు, దక్షిణ అమెరికానుండి వచ్చు సింకోనాకు బదులుగా దానిని వాడి చూడవచ్చుననియు తెలిపినాడు. ఆ బెరడుపై 1794లో ఎడింబరోలో ఒక వైద్యవిద్యార్థి సిద్ధాంతవ్యాసమే వ్రాసినాడు. నేడు ఆ చెట్టు ప్రజాతికి సోయ్‌మిడా అని పేరు. అదియు తెలుగు మాటయే.

1787 మే మాసమున కోరంగి తీరమును గొప్ప తుపాను కొట్టినది. సముద్రము పొంగి ఊళ్లపై పడినది. వేలకొలది జనులు, లెక్కలేనన్ని పశువులు కొట్టుకొనిపోయినవి. కోరంగికి సమీపమున ఉన్న ఇంజరములో ఆ వెల్లువ రాక్స్‌బర్గ్ పుస్తకములను, ఏండ్లుగా ఎండబెట్టి దాచిన మొక్కల సేకరణను తుడిచిపెట్టినది. ముప్పదియైదేండ్ల వయస్సులో చేసిన పనియంతయు నీటి పాలైనవాడు మరొకడైన స్వదేశమునకు ఓడ ఎక్కి యుండును. ఆయన మరల మొదటినుండి సేకరణ ఆరంభించినాడు.

కర్నాటక ప్రాంతమునకు కంపెనీవారి వృక్షశాస్త్రజ్ఞుడను ఉద్యోగమొకటి ఆనాడు ఉండెడిది. మొదట డేనిష్ మిషనుతో వచ్చిన యోహాన్ కోనిగ్, ఆయన 1785లో మరణించిన పిమ్మట పాములపై పుస్తకము వ్రాసి పేరుగన్న పాట్రిక్ రస్సెల్ ఆ పనిలో ఉన్నారు. రస్సెల్ 1789లో స్వదేశమునకు పోగా ఆ స్థానము రాక్స్‌బర్గ్‌కు దక్కినది. ఉపయోగకరములైన మొక్కల బొమ్మలను వివరములతో సహా కంపెనీవారే అచ్చువేయవలెనని రస్సెల్ ఇదివరకే సూచించి యుండెను. ఆ సూచనను పనిగా మార్చినవాడు రాక్స్‌బర్గ్. దేశీయ చిత్రకారులను చేరదీసి, ప్రతి మొక్కను కొమ్మ, ఆకు, పూవు, కాయ, గింజలతో సహా సహజవర్ణములలో వ్రాయించినాడు. దాని ప్రక్కన లక్షణములను తాను వ్రాసినాడు. లండనులో సర్ జోసెఫ్ బ్యాంక్స్ వానిలో మూడు వందల బొమ్మలను ఎంచి అచ్చువేయించినాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆ గ్రంథము 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడినది.

ఆ గ్రంథమును తెరచిన తెలుగువారిని మొదట ఆకర్షించునవి మొక్కల పేర్లు. లాటిను పేరు క్రింద తెలుగువారు ఆ మొక్కను ఏమందురో చాలచోట్ల చెప్పబడినది. మోదుగ, బిల్లు, సోమిద వంటి మాటలు ఆంగ్ల లిపిలో అక్కడ నిలిచినవి. పేరు తెలిసికొనవలెనన్న అడుగవలెను. అడిగినపుడు చెప్పువాడు కావలెను. పేరుతోపాటు ఏ బెరడు ఏ రోగమునకు వాడుదురో, ఏ కఱ్ఱ నాగలికి మంచిదో, ఏ దుంప కరవునాడు తిందురో చెప్పినవారు పల్లెలలోని రైతులు, కోయవారు, నాటువైద్యులు. వారి పేర్లు ఆ పుటలలో లేవు. బొమ్మలు వ్రాసిన చిత్రకారుల పేర్లును లేవు. ఆయన ఖ్యాతిలో వీరికి గల పాలును చరిత్రకారుడు మరువరాదు.

ఇంతలో కరవు వచ్చినది. 1789 మొదలు వరుసగా ఏండ్ల తరబడి వానలు సరిగా కురియలేదు. ఉత్తర సర్కారులలో చెరువులు ఎండినవి, ధాన్యపు ధర ఆకాశమునంటినది, లక్షలకొలది జనులు మరణించినారు. దక్కనులో 1791, 1792 సంవత్సరముల కరవును పుర్రెల కరవను అర్థము వచ్చు పేరుతో జనులు తలచుకొనిరి. పూడ్చువారు లేక ఎముకలు దారులవెంట తెల్లబడి యుండుటచేత ఆ పేరు వచ్చినది. రాక్స్‌బర్గ్ ఈ దుర్దశను సామర్లకోటనుండి కన్నులార చూచినాడు. వైద్యుడైనను ఆకలికి మందు ఆయన పెట్టెలో లేదు.

అప్పుడు ఆయన రెండు పనులు చేసినాడు. మొదటిది, ఇట్టి కరవు ఇదివరకు ఎన్నడైన వచ్చినదా అని విచారించుట. తన వర్షపు లెక్కలు ఒక్క తరమునకు మించి వెనుకకు పోవు. అందుచేత సమీపమున ఉన్న పిఠాపురపు సంస్థానమువారి పూర్వవృత్తాంతములను అడిగి తెలిసికొన్నాడు. రమారమి నూరేండ్ల క్రిందట, 1685 మొదలు 1687 వరకు, గొప్ప అనావృష్టి సంభవించినదని ఆ విచారణవలన తేలినది. వానలు తప్పుట ఒక యేటి దురదృష్టము కాదనియు, దీర్ఘకాలమున మరల మరల వచ్చు ప్రకృతి ధర్మమనియు ఆలోచించుటకు అది దారి తీసినది. యంత్రము చెప్పని సంగతిని జనుల జ్ఞాపకమును అడిగి తెలిసికొనుట ఆ కాలపు శాస్త్రజ్ఞులలో అరుదైన బుద్ధి.

రెండవది, కరవున ఎవరు బ్రతికినారు, ఎట్లు బ్రతికినారు అని చూచుట. జీలుగ చెట్లు విరివిగా ఉన్నచోట ఆ చెట్లు నిలిచినంతకాలము జనులు అంతగా బాధపడలేదని ఆయన గమనించినాడు. ముదిరిన జీలుగ మ్రాను నడుమ ఉండు పిండిని రొట్టెగా కాల్చికొనియు, జావగా కాచికొనియు వారు ప్రాణములు నిలుపుకొన్నారు. ఇసుకనేలలలో పెరుగు చిట్టీత మొదలులోని పిండియు అట్లే కొందరిని ఆదుకొన్నది. వరిచేను ఒక్క యేడు వాన తప్పిన ఎండిపోవును. వేరు లోతుకు దిగిన చెట్టు రెండు మూడేండ్ల అనావృష్టికి కూడ ఓర్చుకొనును. ఈ తేడాయే ఆయన ఆలోచనకు ఆధారమైనది.

ఆ ఆధారముతో ఆయన చెన్నపట్టణపు దొరతనమువారికి లేఖలు వ్రాసినాడు. కొబ్బరి, తాడి, ఈత, అరటి, పనస, సీమపనస, సగ్గుబియ్యమిచ్చు జాతులు మొదలైన ఆహారవృక్షములను కాలువగట్ల వెంబడి, బంజరులలో విరివిగా నాటించవలెనని కోరినాడు. ధాన్యము పండని యేట జనులకు అవి తోడుపడునని ఆయన వాదము. కరవు దైవికమని చేతులు ముడుచుకొనుటకు మారుగా, రాబోవు కరవునకు ముందే సిద్ధపడుట దొరతనపు విధియని ఈ లేఖలు చెప్పకయే చెప్పినవి.

ఆ లేఖల ఫలితము పరిమితమైనది. చెట్టు నాటి ఫలము తినుటకు పదేండ్లు పట్టును. నేలపై హక్కు నిలుకడలేని రైతు పదేండ్ల తరువాతి ఫలమునకై నేడు నీరు పోయడు. లాభనష్టములు ఏటేట చూచుకొను వర్తక సంఘము కరవునాటి చెట్టుకు ధనము వెచ్చించుటకు త్వరపడదు. రాక్స్‌బర్గ్ తానుకూడ ఆ సంఘపు ఉద్యోగియే. ఆయన తోటలో మిరియము, నీలి, పట్టు కంపెనీ లాభమునకై పెరిగినవి. సామర్లకోట తోటను కంపెనీ పోషించినది ముఖ్యముగా వానికొరకే. జనుల ఆకలికై ఆయన వ్రాసిన లేఖయు, వర్తకుల లాభమునకై ఆయన పెంచిన తీగయు ఒకే చేతివి. ఈ చిక్కును దాచి ఆయనను మహాత్మునిగా చిత్రించిన యెడల సత్యమునకు అన్యాయము జరుగును. దీనినే పట్టుకొని ఆయనను వర్తకుల సేవకునిగా కొట్టివేసినను అంతే.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధ్యక్షుడై సామర్లకోటను విడిచినాడు. అచ్చట ఇరువదియేండ్లు పనిచేసినాడు. బంగాళమున టేకు పెంపకమునకు పాటుపడినాడు. జనపనార మొదలైన నారమొక్కలను పరీక్షించి వాని ఉపయోగమును లోకమునకు చాటినాడు. చిత్రకారులచేత వ్రాయించిన బొమ్మలు రెండువేల ఐదువందలకు పైగా పెరిగినవి. భారతీయ వృక్షశాస్త్రమునకు ఆయన తండ్రివంటివాడని పిలుచుటకు ఈ పరిశ్రమయే కారణము. ఆరోగ్యము చెడి 1813లో కలకత్తా విడిచినాడు. మార్గమధ్యమున సెయింట్ హెలెనా ద్వీపమున ఆగి, ఆ చిన్న దీవి మొక్కలకు కూడ పట్టిక తయారుచేసినాడు. 1815 ఫిబ్రవరి 18వ తేదీన ఎడింబరోలో కన్నుమూసినాడు.

ఆయన వ్రాతప్రతులను వెలుగులోనికి తెచ్చినవాడు స్నేహితుడైన విలియం కేరీ. కలకత్తా ఉద్యానపు మొక్కల పట్టిక 1814లో శ్రీరామపురపు ముద్రణాలయమున వెలువడినది. ఫ్లోరా ఇండికా అను మహాగ్రంథము కొంతభాగము 1820లోను, 1824లోను, తరువాత సమగ్రముగా 1832లోను అచ్చుపడినది. ఇందొక విచిత్రమున్నది. మొక్కల పట్టిక వెలువడిన 1814లోనే, అదే శ్రీరామపురమున, అదే కేరీ తెలుగు భాషకు వ్యాకరణము అచ్చువేసినాడు. తెలుగు నేర్చినవాడు, తెలుగు పేర్లతో నిండిన వృక్షగ్రంథమును ప్రకటించినవాడు ఒక్కడే అయినను, ఆ గ్రంథము తెలుగున రాలేదు. రంగుల బొమ్మల ఆ సంపుటములు సీమలోని ధనవంతుల గ్రంథాలయములకు చేరినవి. జీలుగ పిండితో కరవు దాటవచ్చునని చెప్పిన పల్లెకు మాత్రము ఆ విద్య పుస్తకరూపమున తిరిగిరాలేదు. రాక్స్‌బర్గ్ జీవితకార్యములో తెగిపోయిన తంతువు ఇదియే. ఏలినవారికి చెప్పినాడు, విద్వాంసులకు చెప్పినాడు. జనులకు చెప్పు పని మిగిలిపోయినది.

మిగిలిన పనికి మూల్యము పెద్దది. ఆయన సామర్లకోటను విడిచిన నలువదియేండ్లకు, 1832-33లో నందన కరవు వచ్చి గుంటూరు మండలపు జనములో పెద్ద భాగమును మ్రింగినది. గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియగు వరకు ఆ డెల్టాకు నిలుకడైన నీరు లేదు. 1876లో రాయలసీమను ధాత కరవు పట్టినది. దాని గాథలు చిత్తూరు, కడప, అనంతపుర ప్రాంతములలోని ముదుసలుల నోట చిరకాలము నిలిచినవి. ఆ కరవునకు ఒక యేడు ముందు, 1875లో, భారత వాతావరణ శాఖ ఏర్పడియుండెను. కరవు తరువాత 1880లో కమీషను నివేదికయు, దానినుండి కరవు నిబంధనలును వచ్చినవి. వాన లెక్కయు, రాజ్యపాలనయు ఒకదానికొకటి ఆధారముగా నడువవలెనను భావము అట్లు కొంత స్థిరపడినది. అంతకు ఎనుబదియేండ్లకు పైగా ముందే సామర్లకోటలో ఒక వైద్యుడు ఒంటరిగా ఆ రెంటిని ముడిపెట్టి చూచినాడు.

ఆయన లెక్కలకు అసలైన అర్థము మరింత ఆలస్యముగా తెలిసినది. పసిఫిక్ సముద్రమునకు ఇరువైపుల గాలి బరువు త్రాసుతట్టలవలె ఊగుచుండునని భారత వాతావరణ శాఖకు అధిపతియైన గిల్బర్ట్ వాకర్ 1920లలో వివరించినాడు. ఆ సముద్రపు నీరు అసాధారణముగా వేడెక్కు స్థితిని ఎల్ నీనో అందురు. అది మన ఋతుపవనములను తరచు బలహీనపరచును. 1998లో చరిత్రకారుడు రిచర్డ్ గ్రోవ్ ప్రకటించిన పరిశోధనలో రాక్స్‌బర్గ్ వ్రాతలు ముఖ్యసాక్ష్యములైనవి. సర్కారులలో వానలు తప్పిన ఆ సంవత్సరములలోనే ఆస్ట్రేలియాలోని సిడ్నీ వలసయు, సెయింట్ హెలెనా దీవియు అనావృష్టితో తల్లడిల్లినవి. 1789 మొదలు 1793 వరకు భూగోళమంతటను ప్రభావము చూపిన బలమైన ఎల్ నీనో అదియని గ్రోవ్ నిరూపించినాడు. సామర్లకోటలో దినదినము వ్రాసిన అంకెలు రెండు శతాబ్దముల తరువాత భూగోళపు వాతావరణ చరిత్రలో సాక్ష్యమిచ్చినవి.

నేడు వాతావరణమును కొలుచు పరికరములకు కొరత లేదు. తిరుపతినుండి చిత్తూరు పోవు మార్గమున గాదంకిలో 1990లలో నెలకొల్పిన పెద్ద రాడారు ఆకాశపు పై పొరలలోని గాలుల గతిని కొలుచుచున్నది. ఆ గాలుల జ్ఞానము ఋతుపవనముల జ్ఞానములో భాగమే. అయినను రాడారు కొలిచినదానిని రైతుకు అర్థమగు మాటలలో చెప్పువాడు, అధికారి బల్లమీద తగిన సమయమున ఉంచువాడు కావలెను. శాస్త్రము చదివినవాడు భాషను, భాష చదివినవాడు శాస్త్రమును తనది కాదని విడిచినచో ఆ పని ఎన్నటికిని ఒంటరిదే యగును. పర్యావరణ శాస్త్రమును ప్రజలకును, ప్రభుత్వమునకును వినిపించుట నేడొక వృత్తిగా రూపొందుచున్నది. ఆ వృత్తికి పూర్వులున్నారని విద్యార్థులు ఎఱుగుట మంచిది. ఆ పూర్వులు ఎచ్చట ఆగినారో ఎఱుగుట అంతకంటె మంచిది.

శేషాచలపు చరియలలో తంబయు జాలారియు నేటికిని నిలిచియున్నవి. ఒకదానికి ఏలినవాని పేరును, జనుల మాటను కలిపి పెట్టినవాడు రాక్స్‌బర్గ్. ఆ రెంటిని పేరులోనే కాక బ్రతుకులో కలుపు పని తరువాతి తరములకు ఆయన విడిచిన ఋణము.